మూతలో నూక గింజ

మందు సీసా మూతను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసిన క్షణంలోనే నాకు మొదటిసారి భయం వేసింది. మూత అడుగున, గులాబీ రంగు సిరప్ ఎండి చారలు కట్టిన చోట, ఒక నూక గింజ అతుక్కుని ఉంది. దాని పక్కనే వెంట్రుకంత సన్నటి ఈక. వేలితో గీకితే నూక రాలింది, ఈక రాలేదు.

మంచం మీద నా బిడ్డ జ్వరంతో మూలుగుతోంది. ఆ ఎండాకాలం సెలవుల్లో నర్మెట్టలో మా అత్తగారింట్లో ఉన్నప్పుడు దానికి ఇదే జ్వరం వచ్చింది. ఒంటికి పోయినప్పుడల్లా మంట అని ఏడ్చింది. మామయ్య జనగామకు తీసుకుపోయి చిన్నపిల్లల డాక్టరుకు చూపిస్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని ఈ సిరప్ రాశాడు. మా ఆయనకు చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ కాబట్టి నేనూ నా కొడుకు చిన్నవాడూ అప్పటికే భూపాలపల్లికి తిరిగి వచ్చేశాం. బిడ్డ మాత్రం బాపమ్మ దగ్గరే ఉంటానంది. మందు మొత్తం తాగించానని మా అత్తమ్మ ఫోనులో చెప్పింది. జ్వరం తగ్గింది, బడి తెరిచారు, బిడ్డ ఇంటికి వచ్చింది. ఇప్పుడు మళ్లీ అదే మంట, అదే జ్వరం. ఇంతకుముందు ఏం మందు వాడారని డాక్టరు అడుగుతుంది కదా అని నర్మెట్ట నుంచి వచ్చిన సంచిలో వెతికితే ఈ సీసా దొరికింది.

సీసా ఖాళీగానే ఉంది. కానీ మందు తాగింది నా బిడ్డ అయితే మూతలోకి కోళ్లకు వేసే నూక ఎందుకు వచ్చింది?

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. ఉద్యోగం చేయలేదు. ఆ చదువు నాకు మిగిల్చింది అనుమానమే అంటాడు మా ఆయన. కూరగాయలు ఉప్పునీళ్లలో వేస్తే నవ్వుతాడు, గిన్నె మసిగుడ్డను ఉడకబెడితే నవ్వుతాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మూత చూపిస్తే, "అమ్మకు ఫోన్ చెయ్. జర నిమ్మళంగ అడుగు" అన్నాడు.

నిమ్మళంగానే మొదలుపెట్టాను.

"అత్తమ్మా, బిడ్డకు మందు మొత్తం తాగించినవా?"

"తాగించిన. మల్ల జరమొచ్చిందా ఏంది?"

"వచ్చింది. సీసా మూతల నూకలున్నయి."

అవతల వాళ్ల వాకిట్లో కోళ్లు కొట్లాడుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇంట్ల నూకలు లేకుంట ఉంటయా బిడ్డా?"

"ఈక గూడ ఉంది."

"నువ్వు పోలీసు నౌకరి చెయ్యాల్సింది. మావోన్ని చేసుకోని ఇంట్ల కూసున్నవ్."

"అత్తమ్మా."

"పోసిన." ఆమె గొంతు మారింది. "పుంజుకు పోసిన. నీ బిడ్డ పేరు మీద పోచమ్మకు మొక్కిన పుంజు. మెడలు వాల్చింది. మొక్కు తీరకముందే అది సస్తే నేనేం జెప్పుకోవాలె తల్లికి?"

"బిడ్డ మందు పోసినవా?"

"మిగిలింది గద. పారబోస్తమా?"

ఫోను పెట్టేశాక ఆ మాటలు మళ్లీ మళ్లీ తలలో తిప్పుకున్నాను. మొత్తం తాగించిన. మిగిలింది పోసిన. రెండూ ఒకేసారి నిజం కాలేవు. నాకు తెలిసిన అత్తమ్మ అబద్ధం అరుదుగా ఆడుతుంది, ఆడినా సరిగా ఆడటం రాదు. ఈ రెంటిలో అబద్ధం ఏదో నాకు తెలియాలి. ఎందుకంటే బిడ్డ మందు సగంలో ఆగిపోయి ఉంటే, దాని ఒంట్లో ఏం మిగిలి ఉంటుందో నేను చదువుకున్నాను.

భూపాలపల్లిలో చిన్నపిల్లల దవాఖానలో ఒక పెద్దావిడ డాక్టరు బిడ్డను చేర్చుకుంది. మూత్రం కల్చర్ పరీక్షకు పంపింది. అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో చూడటం. ఫలితం వచ్చాక ఆమె కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నన్ను కూర్చోమంది.

"ఆ సిరప్ దీనికి పని చెయ్యదమ్మా. అదొక్కటే కాదు, మామూలుగా మేం రాసే ఇంకొన్ని మందులు గూడ పని చెయ్యవు. సూదులు ఇయ్యాలె. అదృష్టం, దానికి లొంగుతది."

"అన్నీ ఒక్కసారే పని చెయ్యకుండ పోయినయంటే, ప్లాస్మిడ్ కావచ్చు గద మేడం?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏం చదివినవ్?"

చెప్పాను.

"కావచ్చు. కాకపోవచ్చు. ఈ పరీక్ష ఏ మందు పని చేస్తదో చెప్తది గానీ, అది ఎట్ల మొండిదైందో, ఏడికెళ్లి వచ్చిందో చెప్పదు. ముందుగాల బిడ్డను చూసుకో."

ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. ఆ మాట పట్టుకుని నేను ఆ వార్డులో కూర్చున్నాను.

ప్లాస్మిడ్ గురించి మాకు చెప్పినాయన మా మానుకోట, అదే మహబూబాబాద్, కాలేజీలో లెక్చరర్. మా మానుకోట యాస మార్చుకోకుండానే పాఠం చెప్పేవాడు. బ్యాక్టీరియా లోపల దాని బతుకంతా రాసి ఉన్న పెద్ద డీఎన్ఏ ఒకటుంటుంది. అది కాక, విడిగా, చిన్న వలయం ఒకటి ఉండొచ్చు. అదే ప్లాస్మిడ్. అది లేకున్నా బ్యాక్టీరియా బతుకుతుంది. ఉంటే మాత్రం కష్టకాలంలో అక్కరకొస్తుంది. మందును ముక్కలు చేసే ఉపాయం దాని మీద ఉండొచ్చు. లోపలికి వచ్చిన మందును బయటికి తోడి పోసే ఉపాయం ఉండొచ్చు. రాగినీ పాదరసాన్నీ తట్టుకునే ఉపాయం ఉండొచ్చు. ఒక్క వలయం మీదే ఇవన్నీ పక్కపక్కన ఉండొచ్చు. ఒక బ్యాక్టీరియా పక్కదాన్ని సన్నటి గొట్టంతో దగ్గరికి లాక్కుని ఆ వలయానికి నకలు ఇస్తుంది. తన దగ్గరిది తన దగ్గరే ఉంటుంది. పక్కది తన జాతిదే కానక్కర లేదు.

అప్పట్లో పరీక్ష కోసం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అది నాకు నిజంగా అర్థమైంది చాలా తర్వాత, ఆ గాజుల పుకారు వచ్చినప్పుడు. ఆ మధ్య మా జిల్లాలన్నింటిలోనూ ఒక మాట పాకింది. ఒక్క కొడుకున్న తల్లి వేరే ఇంటావిడ చేత గాజులు వేయించుకోవాలట, లేకపోతే కొడుక్కి కీడట. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. నాకు ఒక్కడే కొడుకు. ఒకరోజు పొద్దున మా వెనకింటావిడ ఎర్రగాజులు, ఆకుపచ్చ గాజులు పట్టుకుని వచ్చి, నేను వద్దంటున్నా నా చేతికి ఎక్కించింది. మా అత్తమ్మ నర్మెట్టలో వేయించుకుని, తానూ నలుగురికి వేసింది. మా అమ్మ మానుకోటలో వేసింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే నగ కాదది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఈ కులం నుంచి ఆ కులానికి, ఊరి నుంచి ఊరికి, భయం ఉన్న ప్రతి చేతికీ ఎక్కింది. భయం పోయాక చాలామంది తీసి పక్కన పెట్టారు. కొందరు తీయలేదు. నేనూ చాలా కాలం తీయలేదు.

వార్డులో నాకు ప్రతి వస్తువు మీదా అనుమానమే. మందులు ఎక్కువ తిరిగే చోట, మందును తట్టుకునేవే మిగులుతాయి. దవాఖాన తప్పేమీ లేదు, జబ్బుపడ్డ వాళ్లంతా చేరే చోటు ఎక్కడైనా అంతే. అయినా మంచం కడ్డీ తుడిచాను. కుళాయి తిప్పిన చేతిని మళ్లీ కడిగాను. చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్లు పోయే జాలీ చుట్టూ ఉన్న జిగటను చూసి, అందులో ఎన్ని జాతులు పక్కపక్కన కూర్చుని ఏమేం పంచుకుంటున్నాయో అని నిలబడిపోయాను.

పక్క మంచం ఆమెది ములుగు ఘనపూర్. చంటివాడికి నిమ్ము చేసి తెచ్చింది. నా బిడ్డకు జావ తాగించడానికి చెంచా మరిచిపోయానని చూసి తన చెంచా ఇవ్వబోయింది. నేను ఒద్దన్నాను.

"మా చెంచకు ముండ్లున్నయా అక్కా?"

"గట్ల కాదు చెల్లె. మీ వాని జబ్బు వేరే, మా దాని జబ్బు వేరే."

"చెంచకేమెరుక అక్కా ఎవరి జబ్బేందో," అని నవ్వి, దాన్ని వేడినీళ్లతో కడిగి ఇచ్చింది. మళ్లీ కడిగాను. ఆమె చూస్తూనే ఉంది. "నీ బిడ్డ అదృష్టవంతురాలు. నీ మొగడే పాపం," అంది.

మా అమ్మ మహబూబాబాద్ నుంచి వచ్చింది. సంగతి చెప్పగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డాక్టర్ రాసిన మందు కోడికి పోసిందా? ఇగ రేపు బర్రెకు పట్టుచీర గడ్తది మీ అత్త."

"నవ్వకమ్మా."

"నవ్వక ఏడుద్దునా? పిల్ల కన్న పుంజు ఎక్కువైందా ఆమెకు?"

ఆ మాట నాకు హాయిగా ఉండింది, నిజం చెప్పొద్దూ. నా అనుమానానికి ఒక మనిషి దొరికింది, ఆ మనిషి నా పుట్టింటిది కాదు. అమ్మ సంచి విప్పి కీరకాయలు తీసింది. మా నాయిన మిరప తోట గట్టు మీద కాసినవి. బిడ్డకు కీరకాయ అంటే ప్రాణం. అమ్మ కొంగుతో తుడిచి విరిచి ఇవ్వబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"తోటకు ఏం కొట్టిండ్రు?"

"ఏం గొడ్తరు? ఎప్పటిదే. నీలిమందు."

నీలిమందు అంటే రాగి కలిసిన తెగులు మందు. మా చిన్నప్పటి నుంచీ నాయిన చేతులు చలికాలమంతా దాని రంగులోనే ఉండేవి.

"ఒక్క నీలిమందేనా?"

"దాంట్ల మీ నాయిన తెల్లపొడి పొట్లం గూడ కలిపిండు. ఆకుమచ్చకు మంచిగ పనిచేస్తదని దుకాణపాయన ఇచ్చిండు. ఎందుకట్ల చూస్తున్నవ్?"

నేను నాయినకు ఫోను చేసి పొట్లం మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. యాంటీబయాటిక్. మనుషులకు వాడే మందుల కుటుంబానిదే, పంట కోసం అమ్మేది.

లెక్చరర్ మాట అప్పుడు గుర్తొచ్చింది. వలయాన్ని మోయడం బ్యాక్టీరియాకు బరువే, అవసరం లేనప్పుడు అది లేనివే తొందరగా పెరుగుతాయి, మెల్లమెల్లగా వలయం కనుమరుగు కావచ్చు. కానీ రాగిని తట్టుకునే ఉపాయమూ మందును తట్టుకునే ఉపాయమూ ఒకే వలయం మీద ఉంటే, రాగి ఉన్నంతకాలం ఆ వలయం పోదు. అంటే పొలంలో ఆ పొడి కలపకపోయినా, ఒక్క నీలిమందుతోనే మందును తట్టుకునే గుణం నిలిచిపోవచ్చు. మన్నులో ఉన్నది మన్నులోనే ఉంటుందని హామీ ఏమీ లేదు.

"ఇగ నన్ను, మీ నాయినను గూడ జైల్ల వేస్తవా?" అంది అమ్మ. కీరకాయ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని తీసుకుని బాగా కడిగి, తొక్క తీసి బిడ్డకు ఇచ్చాను. అది తింటుంటే చూస్తూ కూర్చున్నాను. మా అత్తమ్మ మీద కోపం తగ్గలేదు. కానీ ఆ కోపం అప్పటిలాగా హాయిగా లేదు.

సూదులు పని చేశాయి. జ్వరం దిగింది. ఒంటికి పోయి వచ్చి, "అమ్మా, మంట లేదు" అని బిడ్డ తనంతట తాను చెప్పిన పొద్దున, నేను దవాఖాన వరండాలోకి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ ఇంటికి పంపిస్తూ, మళ్లీ పరీక్ష చేయించమంది, నీళ్లు ఎక్కువ తాగించమంది, ఒంటికి ఆపుకోనీయొద్దంది. "ఇంకోసారి మందు రాస్తే సీసా నీ చేతులనే ఉండాలె" అని కూడా అంది.

మేం ఇల్లు చేరిన శనివారం మా అత్తమ్మ బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. బుట్టలోంచి పుంజు మెడ బయట పెట్టి చూస్తోంది. దాని తురాయి ఎర్రగా నిగనిగలాడుతోంది.

"కండక్టర్ తోని హన్మకొండ దాక పంచాయితే," అంది చెప్పులు విడుస్తూ. "కోడికి టికెట్టంట! పిల్ల బాగైంది, మొక్కు ఆగొద్దని తెచ్చిన. పిల్లను అంత దూరం ఎక్కడ తిప్పుతం? ఈడ ఊరి బయట పోచమ్మ ఉంది గద, అందరికి తల్లే. రేపు ఆదివారం."

నేను పుంజు బుట్టను వెనక బాత్రూములో పెట్టించాను. ఆమె చేతులు కడుక్కునేదాకా బిడ్డను ముట్టనివ్వలేదు. ఆమె ఏమీ అనకుండా సబ్బు రుద్దుకుంది. అది నాకు వింతగా అనిపించింది. మా అత్తమ్మ ఏమీ అనకుండా ఏదైనా చేసిందంటే లోపల ఏదో ఉందని అర్థం.

టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాను. మందు కొంచెం కొంచెంగా తగిలితే బలహీనమైనవి చస్తాయి, తట్టుకునేవి మిగులుతాయి. కోడి కడుపులోనూ అంతే, బిడ్డ కడుపులోనూ అంతే. మిగిలినవి పక్కవాటికి ఆ తెలివిని పంచుతాయి. ఆమెకు ఎక్కడం లేదని గాజుల సంగతి ఎత్తాను.

"ఆమధ్య ఊరంత గాజులు ఏసుకున్నరు గద అత్తమ్మా, ఒకరి చేతికెళ్లి ఒకరి చేతికి. గట్లనే. చిన్న గాజు లాంటిది ఒకటి దాని కాడ ఉంటది. అది పక్కదానికి తొడుగుతది."

"పురుగులు గాజులు దొడుక్కుంటయా!" అని పగలబడి నవ్వింది. మా చిన్నవాడు కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వాడు. నవ్వు ఆగాక ఆమె కప్పులోకి చూస్తూ అడిగింది, "మరి ఆ గాజు ఏసుకున్నది కోడి కాడికెళ్లి పిల్లకు వచ్చిందంటవా?"

"తెల్వదు. కోడి కాడికెళ్లి రావచ్చు. పిల్ల కాడికెళ్లి కోడికి పోవచ్చు. మా నాయిన తోట కాడికెళ్లి గూడ రావచ్చు. ఎవ్వరం చెప్పలేం."

"చెప్పలేనిదానికి నన్ను గింత నిలదీస్తివి."

ఖాళీ కప్పులు తీసుకుని లేచాను. కానీ అనుమానం అక్కడితో ఆగలేదు. బిడ్డ ఆ పుంజు దగ్గరికి పోవడం లేదు. సెలవుల్లో దాన్ని చంకనేసుకుని తిరిగిందని, తన కంచంలోనే నూకలు పెట్టిందని వాళ్ల బాపమ్మే చెప్పేది. ఇప్పుడు బుట్ట చూడగానే బిడ్డ ముఖం పాలిపోయింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కదిపింది. రేపు పోచమ్మ దగ్గరికి పోదామంటే లేచి లోపలికి పోయింది.

పొద్దు గుంకే వేళ బిడ్డ కోసం వెతికితే బాత్రూము తలుపు ఓరగా ఉంది. లోపల గచ్చు మీద గొంతుకూర్చుని, తాగమని నేనిచ్చిన నీళ్ల గ్లాసును బుట్ట లోపలికి వంచుతోంది.

"తాగవే. జర తాగు. నువ్వు మంచిగుంటెనే నేను మంచిగుంట."

తలుపు మెల్లగా తోశాను. దాని పక్కన కూర్చున్నాను. తిట్టలేదు.

"ఎవరన్నరు బిడ్డా ఆ మాట?"

అది గ్లాసు చూస్తూ చెప్పింది. నర్మెట్టలో జ్వరం వచ్చినప్పుడు బాపమ్మ పుంజును తన తల చుట్టూ తిప్పిందట. దీని పానం నీ పానం, నీ మీదిదంతా దీని మీదికి పోవాలె అన్నదట. నాలుగు దినాలు పోకముందే పుంజు మెడ వాల్చింది. తనకు తగ్గింది, దానికి వచ్చింది. దాని ప్రాణమే తన ప్రాణం, అది చస్తే తనూ చస్తుంది. అందుకని బాపమ్మ మూత నిండా మందు పోసిచ్చి పనికి పోగానే సగం తాగి, మిగతా సగంలో నూకలు నానబెట్టి పుంజుకు పెట్టింది. రోజూ.

"బాపమ్మకు తెల్సా?"

"సీసా అయిపోయినంక చూసింది. మీ అమ్మకు చెప్పకు, నేనే చెప్త అన్నది." తర్వాత అడిగింది, "అమ్మా, రేపు దాన్ని కోస్తరా?"

వంటింట్లో మా అత్తమ్మ మసాలా దంచుతోంది. నేను గుమ్మంలో నిలబడగానే ఆమెకు అర్థమైంది. రోకలి ఆపింది.

"ఎందుకు నీ మీదేసుకున్నవ్ అత్తమ్మా?"

"నన్ను తిడితే నాకేమైతది? దాన్ని తిడితే రేపు మందు పట్టుకుంటెనే నోరు మూసుకుంటది." రోకలిని పక్కన పెట్టింది. "ఆ మాట అన్నది నేనే గద. నోటి మాట. మా అత్త అనేది, నేనంటున్న. పిల్ల గట్ల పట్టుకుంటదని నాకేం ఎరుక?"

నాకు దొరికిన రెండు మాటల్లో అబద్ధమేదో అలా తేలింది. రెండూ అబద్ధమే. మందు మిగలలేదు, బిడ్డ మొత్తం తాగనూ లేదు.

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన అంతా విని, పుంజును వదిలేద్దాం అన్నాడు. పోచమ్మ ముందర వదిలిపెడితే మొక్కు తీరినట్టే కదా అన్నాడు. బిడ్డ భయం పోతుంది కదా అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఆ మందు తిన్న పుంజు కడుపులో ఏముందో నాకు తెలియదు. అది ఎవరి వాకిట్లో రెట్ట వేస్తుందో, ఏ పిల్లలు ఆ మన్నులో ఆడతారో తెలియదు. కోసి, బాగా ఉడికిస్తే అక్కడితో ముగుస్తుంది. కత్తి, పీట, చేతులు వేడినీళ్లతో కడిగితే చాలు. మా అత్తమ్మ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. మొక్కు ఆపమంటానని అనుకున్నట్టుంది.

ఇంకో సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. పుంజు ఎక్కడో తిరుగుతూ బతికి ఉంటే, బిడ్డ బతుకంతా దాని కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది. అది ఎప్పుడో ఒకరోజు చస్తుంది. అప్పుడు నేను పక్కన ఉంటానో లేదో.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ ఆదివారం గడిచిపోయింది. బిడ్డకు మళ్లీ చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. అంటే ఆ వలయం పోయిందని కాదు, పరీక్షకు కనపడలేదని మాత్రమే. దాని కడుపులో ఏ మూలనో, నా కడుపులోనో, నాయిన మిరప చేను మన్నులోనో, ఆ దవాఖాన తొట్టి జాలీ జిగటలోనో అది ఉండి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఎక్కడ మొదలైందో తెలియదు కాబట్టి ఎవరినీ వదలకుండా అనుమానిస్తూనే ఉన్నాను. అది నాకు అలవాటే. కానీ నా బిడ్డ ఒంట్లోకి ఇంకొకటి కూడా వెళ్లింది, ఒక మాట. అది ఏ నోటి నుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. దానికి మందు డాక్టరమ్మ దగ్గర లేదు.

అందుకని ఆ ఆదివారం పొద్దున, తలస్నానం చేయించి జడ వేస్తూ, చిన్నవాడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరికీ చెప్పాను. వాళ్ల బాపమ్మ గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది. ఆమె కూడా వినాలనే గట్టిగా చెప్పాను.

"కోడి పానం కోడిదే. నీ పానం నీదే. నీకు జరమొచ్చింది సూక్ష్మజీవుల వల్ల, తగ్గింది సూదులతోని. పుంజు తోని కాదు. నీకు రాసిన మందు నీదే, దాన్ని ఎవ్వరికీ ఇయ్యొద్దు. తమ్మునికి గూడ ఇయ్యొద్దు, పుంజుకు గూడ ఇయ్యొద్దు. దానికి బాగలేకుంటే నాకు చెప్పు, పశువుల డాక్టరును అడుగుదాం. ఇయ్యాల పొద్దున పుంజును కోస్తరు. నువ్వు రావాలంటే రా, వద్దంటే నేను నీతోనే ఇంట్ల ఉంట. కోసినంక గూడ నువ్వు గిట్లనే ఉంటవ్. మధ్యాహ్నం ఉంటవ్. మాపటికి ఉంటవ్. రేపు బడికి పోతవ్. నమ్మకపోతే నా చెయ్యి పట్టుకోని కూసో, ఇద్దరం చూద్దాం."

ఆ మాట చెప్పి చెయ్యి చాచాను.